చూసుకునే మనిషి కావాలి: ఎంచుకునేది ఎవరు?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో వికలాంగుల ఇళ్ల సమస్య

(కోరుట్ల విలేఖరి)

జగిత్యాల, నిజామాబాదు, కరీంనగర్ ప్రాంతాల నుంచి ఇజ్రాయెల్ వెళ్లి అక్కడి ఇళ్లలో వృద్ధులకు, నడవలేని వారికి సేవ చేసి ఇంటికి జీతం పంపుతున్నవారు ఉన్నారు. 2023 అక్టోబరులో అక్కడ యుద్ధం మొదలైనప్పుడు ఆ దేశంలో సుమారు 18 వేల మంది భారతీయులు ఉన్నారనీ, వారిలో ప్రధానంగా ఉన్నది వృద్ధులను చూసుకునే పనివారేననీ మన రాయబార కార్యాలయం చెప్పింది. స్నానం పోయడం, అన్నం తినిపించడం, పక్క మార్చడం వారి పని. మన ఊళ్లవారి చేతులు అంత దూరాన అక్కరకు వస్తున్నాయి. అవే ఊళ్లలో నడుం విరిగి మంచంపట్టిన మనిషిని పక్కకు తిప్పడానికి తెలిసిన చేయి దొరకడం లేదు.

పింఛను గురించి అందరూ మాట్లాడతారు. మూడు చక్రాల బండ్లు పంచిన రోజు ఫోటోలు కూడా దిగుతారు. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఆ మనిషికి ఎవరు తోడుండాలి, ఆ తోడు మనిషిని ఎలా చూసి పెట్టుకోవాలి అనే సంగతి మాత్రం ఇంటి గడప దాటి బయటకు రాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులు ఉన్నారు. వీరందరికీ తోడు అవసరం లేదు. అవసరమున్న ఇంట్లో మాత్రం అంతకు మించిన సమస్య మరొకటి ఉండదు.

ఇంటి ఆడవారి మీదే భారం

ఇన్నాళ్లూ ఈ పని ఇంటి ఆడవారు చేస్తూ వచ్చారు. కోరుట్ల, మెట్‌పల్లి వైపు తల్లి ఒళ్లో బీడీల చాట పెట్టుకుని, పక్కనే పడుకోబెట్టిన బిడ్డను కనిపెట్టుకుని ఉంటుంది. సిరిసిల్లలో భర్త సాంచెల మీద పన్నెండు గంటలు నిలబడితే భార్య ఇంట్లో మంచం దగ్గర నిలబడుతుంది. కొడుకు గల్ఫ్‌లో ఉంటే ముసలి తండ్రిని కోడలు చూడాలి. ఆమెకూ చేతకాని నాడు బడికి పోయే ఆడపిల్లను మాన్పిస్తారు.

తల్లికి అరవై ఏళ్లు దాటుతాయి. బిడ్డ ఇరవై అయిదేళ్ల మనిషి అవుతాడు. అప్పుడు ఎత్తి కూర్చోబెట్టడం ఆమె వల్ల కాదు. అటువంటి సమయంలో "ఎవరో ఒకరిని మనిషిని పెట్టుకుందాం" అనే మాట వస్తుంది. దొరికిన మనిషిని పెట్టుకుంటారు. పది రోజులకు ఆ మనిషి మానేస్తాడు, లేదా ఇంటివారే మాన్పిస్తారు. ఇటువంటి ఇళ్లలో జరిగే పొరపాటు దాదాపు ఒకటే. ఏ పనికి మనిషి కావాలో తేల్చుకోకుండా, ఎవరికి కావాలో ఆ మనిషిని అడగకుండా పెట్టుకోవడం.

ఎంపిక హక్కు

ఎవరి ఒంటికి నీళ్లు పోయాలో, ఎవరి బట్ట మార్చాలో ఆ మనిషికే తన సహాయకుణ్ణి ఎంచుకునే హక్కు ఉండాలి. ఇది కొత్త మాటేమీ కాదు. అమెరికాలో ఎడ్ రాబర్ట్స్ అనే ఆయనకు పద్నాలుగేళ్ల వయసులో పోలియో వచ్చి మెడ కింది భాగం చచ్చుబడింది. 1962లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చేరి ఆసుపత్రి గదిలో ఉంటూ చదువుకున్నాడు. ఆయనా, ఆయనవంటి మరికొందరు విద్యార్థులూ తమకు కావలసిన సహాయకులను తామే పెట్టుకుని, తామే పని చెప్పి చేయించుకున్నారు. 1972లో బర్క్‌లీలో వికలాంగులు తామే నడుపుకునే కేంద్రం వెలిసింది. సేవ పొందేవాడు రోగి కాడు, పని చెప్పే యజమాని అని వారు వాదించారు.

2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ఆ మాటను అంగీకరించింది. మన దేశం 2007లో దానిమీద ఆమోదముద్ర వేసింది. దాని వెంట వచ్చినదే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. అది 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలు ఉండగా కొత్త చట్టంలో 21 చేరాయి. జీతం తీసుకున్నా తీసుకోకపోయినా, తల్లిదండ్రులైనా బయటివారైనా, సేవ చేసే ప్రతి మనిషినీ ఈ చట్టం సంరక్షకుడిగా గుర్తించింది. కనుక బీడీలు చుడుతూ బిడ్డను చూసుకుంటున్న తల్లి కూడా చట్టం దృష్టిలో సంరక్షకురాలే.

మాట రానివారి సంగతేమిటని అడగవచ్చు. మాట రాకపోయినా ఇష్టాయిష్టాలు ఉంటాయి. కొత్త మనిషి దగ్గరకు రాగానే ఒళ్లు బిగబట్టుకోవడం, ముఖం తిప్పుకోవడం, అన్నం మానేయడం ఒక జవాబు. నవ్వడం, చెయ్యి చాచడం మరో జవాబు. తల్లికి ఈ భాష బాగా తెలుసు. ఎంపిక చేసేటప్పుడు దానిని లెక్కలోకి తీసుకోవాలి.

ముందు అవసరం రాసుకోవాలి

మనిషిని వెతకడానికి ముందు ఒక కాగితం తీసుకుని పొద్దుటి నుంచి రాత్రిదాకా జరిగే పనులు వరుసగా రాయాలి. లేవడం, మరుగుదొడ్డి, ముఖం కడగడం, స్నానం, బట్టలు, తిండి, మందులు, బయటికి పోవడం, రాత్రి పక్క మార్చడం. ఒక్కో పనికి ఎదురుగా మూడు మాటల్లో ఒకటి రాయాలి: నేనే చేసుకుంటాను, కొంచెం సాయం కావాలి, పూర్తిగా చేయాలి. ఈ కాగితం రాసిన తర్వాత చాలా ఇళ్లలో తేలే సంగతి ఏమిటంటే, రోజంతా మనిషి అక్కరలేదు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం ఒక గంట చాలు.

వస్తువుతో తీరే పనికి మనిషిని వెతకడం కూడా అనవసరం. గడప దగ్గర సిమెంటుతో వాలు కట్టిస్తే బండి ఎవరూ ఎత్తకుండానే బయటికి వస్తుంది. మంచం ఎత్తు, చక్రాల కుర్చీ ఎత్తు సమానంగా ఉంటే చేతుల్లో బలమున్న మనిషి తానే జరిగి కూర్చుంటాడు. మధ్యలో రంధ్రమున్న కుర్చీ ఒకటి ఉంటే మరుగుదొడ్డి ఇబ్బంది సగం తగ్గుతుంది. కాన్పూరులో 1972లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ అలింకో ఇటువంటి పరికరాలు తయారుచేస్తుంది. కేంద్ర ప్రభుత్వం 1981 నుంచి నడుపుతున్న పథకం కింద అర్హులకు పరికరాలు అందుతాయి. శిబిరంలో ఇచ్చిన బండిని ఊరికే తెచ్చుకోకుండా, తన కొలతకు సరిపోతుందో లేదో కూర్చుని చూసుకుని తీసుకోవాలి.

నడుం విరిగిన వారికి

మన వైపు నడుం విరిగినవారు కొత్తేమీ కాదు. తాటిచెట్టు మీది నుంచి పడిన గీత కార్మికులు, గల్ఫ్‌లో కట్టడాల మీది నుంచి పడి తిరిగివచ్చినవారు, మోటారుసైకిలు ప్రమాదాల్లో దెబ్బతిన్న యువకులు పల్లెల్లో కనిపిస్తారు. ఇటువంటివారికి బలమున్న సహాయకుడు కావాలని అందరూ అనుకుంటారు. బలం కంటే ముందు శుభ్రత, ఓపిక, గడియారం చూసుకునే అలవాటు చూడాలి.

స్పర్శ లేని శరీరం ఒకే పక్కన ఉండిపోతే పుండ్లు పడతాయి. తోక ఎముక దగ్గర, తుంట్ల మీద, మడమల మీద ముందు ఎర్రబడుతుంది. అది పుండైతే మానడానికి నెలలు పడుతుంది. కుళ్లి రక్తంలోకి విషం ఎక్కితే ప్రాణానికే ముప్పు. పడుకున్న మనిషిని రెండు గంటలకు ఒకసారి పక్క మార్చాలి. స్నానం పోసేటప్పుడు ఆ భాగాలు చూడాలి. నీళ్ల వేడిని సహాయకుడు తన మోచేత్తో చూసుకోవాలి, ఎందుకంటే కాలు కాలినా ఆ మనిషికి తెలియదు. మూత్రపు గొట్టం ముట్టే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. సంచి ఎప్పుడూ నడుముకంటే కిందికి వేలాడాలి.

మెడ దగ్గర లేదా వీపు పైభాగంలో దెబ్బ తగిలినవారి విషయంలో మరో జాగ్రత్త ఉంది. హఠాత్తుగా విపరీతమైన తలనొప్పి, ముఖం ఎర్రబడడం, చెమటలు పట్టడం కనిపిస్తే గొట్టం మడతపడి మూత్రం నిలిచి ఉండవచ్చు. వెంటనే లేపి కూర్చోబెట్టి, గొట్టం సరిచూసి, బిగుతు బట్టలు వదులు చేయాలి. తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చాలి. రక్తపోటు ఒక్కసారిగా పెరిగి ప్రాణం మీదికి వచ్చే స్థితి ఇది. ఈ సంగతి చెప్పినప్పుడు శ్రద్ధగా విని తిరిగి చెప్పగలిగిన మనిషి, కండలు తిరిగిన మనిషికంటే మేలు.

ఎదిగిన బిడ్డకు

పుట్టుకతోనే మెదడు దెబ్బతిని చేతులు కాళ్లు బిగుసుకుపోయిన పిల్లలకు చిన్నతనంలో తల్లే అన్నీ. మండల కేంద్రాల్లోని భవిత కేంద్రాలకు తీసుకువెళితే వ్యాయామం, చదువు చెబుతారు. రాలేని పిల్లల ఇళ్లకు ఆ ఉపాధ్యాయులే వస్తారు. వారు వచ్చినప్పుడు బిడ్డను ఎలా ఎత్తాలి, ఎలా కూర్చోబెట్టాలి అనేది తల్లితోపాటు సహాయకురాలూ నేర్చుకోవాలి.

తినిపించే తీరు చూస్తే మనిషి పనితనం తెలుస్తుంది. పడుకోబెట్టి, తల వెనక్కి వంచి పాలు పోసే అలవాటు మన ఇళ్లలో ఉంది. దానివల్ల పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము చేస్తుంది. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉంచి, చిన్న ముద్ద పెట్టి, మింగినదాకా ఆగి మరో ముద్ద పెట్టాలి. ఒక పూట భోజనానికి నలభై నిమిషాలు పట్టవచ్చు. పది నిమిషాల్లో కంచం ఖాళీ చేసే మనిషి ఈ పనికి తగడు.

ఫిట్స్ వచ్చే పిల్లలుంటే మొదటి రోజే అడగాలి: "ఫిట్స్ వస్తే ఏం చేస్తావు?" చేతిలో తాళాలు పెడతాననీ, ఉల్లిపాయ వాసన చూపిస్తాననీ, పళ్ల మధ్య చెంచా పెడతాననీ చెబితే అలా చేయవద్దని నేర్పాలి. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తీసి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా టైము చూడాలి. అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రి. నేర్పిన తర్వాత కూడా పాత పద్ధతే చేస్తానంటే మరో మనిషిని చూసుకోవాలి.

చూపు లేనివారికి, వినపడని వారికి

చూపులేని మనిషిని చేయి పట్టి లాక్కుపోవడం సాయం కాదు. ఆయనే సహాయకుని మోచెయ్యి పట్టుకుని అరడుగు వెనక నడుస్తాడు. మెట్లు వస్తే ఎక్కేవో దిగేవో ముందే చెప్పాలి. ఇంట్లో వస్తువు ఉన్నచోటి నుంచి కదిలిస్తే చెప్పాలి. ఉత్తరం చదివేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చదవాలి. ఇక్కడ బలంతో పనిలేదు, నోటి నిజాయితీ కావాలి.

పరీక్ష రాసే విద్యార్థులకు రాత సహాయకుని విషయంలో 2018 ఆగస్టులో కేంద్రం నియమాలు చెప్పింది. అభ్యర్థి తన సహాయకుణ్ణి తానే తెచ్చుకోవచ్చు, లేదా పరీక్ష పెట్టే సంస్థను అడగవచ్చు అని ఆ నియమాల్లో ఉంది. సొంతంగా తెచ్చుకునే మనిషి చదువు అభ్యర్థి చదువుకంటే ఒక మెట్టు తక్కువ ఉండాలని అప్పట్లో చెప్పారు. గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి. పరీక్ష ముందురోజు దొరికినవాణ్ణి తీసుకుపోవడం కంటే, నెల ముందే కూర్చుని పాత ప్రశ్నపత్రం ఒకటి చెప్పి రాయించుకుంటే వేగం, అక్షరదోషాలు తెలిసిపోతాయి.

వినపడని వారికి ఆసుపత్రిలో, పోలీసుస్టేషనులో, బ్యాంకులో తోడు అవసరం. సైగల భాష తెలిసిన మనిషి దొరకనప్పుడు కనీసం ఎదురుగా నిలబడి నిదానంగా మాట్లాడేవారు, అక్కడ జరిగిన ప్రతి మాటా తిరిగి చెప్పేవారు కావాలి. "నీకెందుకులే, నేను చూసుకుంటా" అనే మనిషి వద్దు.

మనిషిని చూసేటప్పుడు

మొదటి మాటల్లోనే పని పేరు దాచకుండా చెప్పాలి. మలమూత్రాలు తీయాలంటే తీయాలనే చెప్పాలి. "చిన్నచిన్న పనులు" అని పిలిపించి, మూడోనాడు అసలు పని చెబితే వచ్చిన మనిషికి కోపం వస్తుంది. ఆ కోపం మంచంమీది మనిషి మీద పడుతుంది.

మాట్లాడేటప్పుడు ఆ మనిషి ఎవరి వంక చూస్తున్నాడో గమనించాలి. వికలాంగుడు ఎదుటే ఉండగా "ఈయన అన్నం తింటాడా, నిద్ర పోతాడా" అని ఇంటివారిని అడిగేవారు కొందరు. "అన్నా, నీకు ఎట్లా ఎత్తితే నొప్పి పుట్టదు?" అని ఆయననే అడిగేవారు కొందరు. రెండో రకం మనిషి దొరికితే అనుభవం లేకపోయినా తీసుకోవచ్చు, పని నేర్పుకోవచ్చు.

ఆడవారికి ఆడమనిషే ఉండాలి. స్నానం, బట్టలు, నెలసరి వంటి పనుల్లో దీనికి మినహాయింపు ఉండకూడదు. మాట రాని ఆడపిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అంతకుముందు పనిచేసిన ఇంటికి పోయి ఎందుకు మానేశారో అడగాలి. పట్నంలోని ఏజెన్సీ ద్వారా పిలిపిస్తే ఆధారు ప్రతి, ఫోటో, చిరునామా తీసుకుని పోలీసుస్టేషనులో విచారణ చేయించుకోవాలి. తెలిసిన చుట్టం కనుక ఇవేమీ అక్కరలేదని అనుకోకూడదు. దగ్గరివారి చేతుల్లోనే చాలా అన్యాయాలు జరుగుతాయి.

వచ్చే మనిషిని ఇంటివారు చూసే తీరు కూడా ఉంది. ఒంటిని కడిగించుకుంటారు, మంచినీళ్ల కుండ మాత్రం ముట్టనివ్వరు. వేరే గ్లాసు పెడతారు. కులం చూసి గడపలు గీసే ఇంట్లో ఏ మనిషీ మనసు పెట్టి పనిచేయడు. అది నేరం కూడా.

వారం రోజుల పరీక్ష

మాటలు విని తేల్చడం కష్టం. వారం రోజులు కూలి ఇచ్చి పని చేయించి చూడాలి. మొదటి రెండు రోజులు ఇంటివారు చేస్తుంటే కొత్త మనిషి చూస్తాడు. తర్వాతి రెండు రోజులు ఆ మనిషి చేస్తుంటే ఇంటివారు చూస్తారు. ఆఖరి మూడు రోజులు ఇంటివారు పక్క గదిలో ఉండాలి. ప్రతి రాత్రి వికలాంగుణ్ణి విడిగా అడగాలి: నొప్పి కలిగిందా, సిగ్గు కలిగిందా, పిలిచినప్పుడు వచ్చాడా?

చూడవలసినవి చిన్న సంగతులు. ముట్టుకునే ముందు చెప్పి ముట్టుకుంటున్నాడా? బట్ట మార్చేటప్పుడు తలుపు వేస్తున్నాడా? మంచం నుంచి కుర్చీలోకి మార్చే ముందు బండి బ్రేకు వేస్తున్నాడా? చంకల కింద పట్టి గుంజుతున్నాడా, మోకాళ్లు వంచి దగ్గరగా నిలబడి ఎత్తుతున్నాడా? ఆయన చేసుకోగలిగిన పనిని ఆలస్యమైనా ఆయననే చేసుకోనిస్తున్నాడా? ఫోను చూస్తూ ముద్ద పెడుతున్నాడా? ఈ ప్రశ్నలకు వారం రోజుల్లో జవాబులు దొరుకుతాయి.

జీతం లెక్క

అసలు చిక్కు ఇక్కడ ఉంది. తెలంగాణలో వికలాంగుల పింఛను 2014లో 1,500, 2019లో 3,016, 2023 జూలై నుంచి 4,016 రూపాయలు అయింది. 4,016ను 30 రోజులకు పంచితే రోజుకు 134 రూపాయలు కూడా రాదు. 2025-26కు మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజుకూలి 307 రూపాయలుగా నిర్ణయించారు. అంటే పింఛను మొత్తం ఇచ్చినా సగం రోజు కైకిలి కూడా కాదు. పూట గడవని ఇంట్లో మనిషిని ఎంచుకోవడం అనే మాటే వినడానికి విడ్డూరంగా ఉంటుంది.

చట్టం ఈ సంగతి ఆలోచించకపోలేదు. ఎక్కువ తోడు అవసరమైన వికలాంగులకు సంరక్షకుని భృతి ఇచ్చే పథకాలు ప్రభుత్వాలు పెట్టాలని 2016 చట్టంలోని 24వ సెక్షను చెబుతోంది. 38వ సెక్షను కింద తనకు ఎక్కువ తోడు అవసరమని దరఖాస్తు పెట్టుకునే హక్కు ఉంది. కేరళ ప్రభుత్వం మంచంపట్టిన వారిని చూసుకునేవారికి ఆశ్వాసకిరణం పేరిట నెలకు 600 రూపాయల సాయం పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో పింఛన్లు పెంచినప్పుడు మంచానికీ, చక్రాల కుర్చీకీ పరిమితమైన వారికి నెలకు 15 వేల రూపాయలు నిర్ణయించారు. రాష్ట్ర సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న శరీరాల అవసరం వేరు కాదు కదా అని ఇక్కడివారు అడిగితే తప్పుపట్టలేము.

అంతవరకు చేయగలిగిన ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. ఒకే వాడలో రెండు ఇళ్లకు అవసరముంటే ఒకే మనిషిని పొద్దున ఒక ఇంటికి, తర్వాత మరో ఇంటికి కుదుర్చుకోవచ్చు. రోజంతా కాకుండా గంటల లెక్కన మాట్లాడుకోవచ్చు. బయటికి తీసుకుపోయే ఖర్చు కొంత తగ్గించుకోవచ్చు. తోడు లేకుండా ప్రయాణం చేయలేని వికలాంగులకు రైలు స్లీపరు, రెండో తరగతుల్లో నూటికి 75 వంతుల రాయితీ ఉంది. అదే రాయితీ వెంట వచ్చే సహాయకునికీ వర్తిస్తుంది. 2017లో పూర్తయిన పెద్దపల్లి, నిజామాబాదు రైలుమార్గం మీద జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి స్టేషన్లు ఉన్నాయి. 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు కనుక సహాయకురాలికి బస్సు ఖర్చు ఉండదు.

కాగితం మీద

కుదిరిన మాటలు అరపేజీలో రాసుకుని ఇద్దరూ సంతకాలు చేయాలి. ఏ వేళకు రావాలి, ఏయే పనులు చేయాలి, ఏవి చేయనక్కరలేదు, జీతం ఎంత, ఏ తేదీన ఇవ్వాలి, వారానికి సెలవు ఎప్పుడు, మానదలిస్తే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అనేవి అందులో ఉండాలి. ఒకరినొకరు పిలుచుకునే పిలుపు కూడా ముందే అనుకోవడం మంచిది. "కుంటోడు", "గుడ్డోడు" అనే మాటలు ఇంట్లోగానీ వాడలోగానీ వినపడకూడదు. సహాయకుణ్ణి ఇంటిల్లిపాది బట్టలుతకడానికీ, పొలం పనికీ వాడుకోకూడదు. ఆ మనిషి వచ్చింది ఒకరి కోసం.

డబ్బు విషయంలో గీత గీయాలి. ఏటీఎం కార్డు, రహస్య సంఖ్య సహాయకుని చేతికి ఇవ్వకూడదు. వేలిముద్ర వేసేటప్పుడు ఇంటివారు పక్కన ఉండాలి. సహాయకుడు వేరు, చట్టబద్ధ సంరక్షకుడు వేరు అని కూడా గుర్తుంచుకోవాలి. ఆటిజం, మెదడు పక్షవాతం, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి 18 ఏళ్లు నిండిన తర్వాత 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరు ఉండే జిల్లా స్థాయి కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. తమ తర్వాత బిడ్డ గతి ఏమిటని దిగులుపడే తల్లిదండ్రులు ఆ కాగితాలు ముందే సిద్ధం చేసుకోవడం మంచిది.

నమ్మకం చెడితే

ఒంటిమీద కమిలిన గుర్తులు, ఉన్నట్టుండి అన్నం మానేయడం, ఆ మనిషి పేరు వినగానే వణకడం, రాత్రి నిద్రలో ఉలిక్కిపడడం వంటివి కనిపిస్తే "అలవాటు పడతాడులే" అనుకోకూడదు. వికలాంగుణ్ణి కొట్టి అవమానించినా, తన అధీనంలో ఉన్న మనిషికి తెలిసి తెలిసి తిండి నీళ్లు ఇవ్వకపోయినా, లైంగిక దోపిడీకి పాల్పడినా, చక్రాల బండి వంటి సాధనాన్ని వాడుకోనివ్వకుండా పాడుచేసినా 92వ సెక్షను కింద ఆరు నెలల నుంచి అయిదేళ్లదాకా జైలుశిక్ష ఉంది. పోలీసులకే కాకుండా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఆడవారికి 181 నంబరు, పిల్లలకు 1098 నంబరు ఉన్నాయి. ఇంటిమనిషే తప్పు చేసినా ఈ సెక్షనులో తేడా లేదు.

సహాయకుని కష్టం కూడా తలుచుకోవాలి. నడుం నొప్పి, నిద్రలేమి ఆ మనిషికీ ఉంటాయి. సెలవు ఇవ్వని ఇంట్లో విసుగు పెరుగుతుంది. ఇంటి తల్లి విషయంలోనూ అంతే. వారానికి ఒక పూట ఎవరైనా చుట్టమో పొరుగో వచ్చి కూర్చుంటే ఆమె తలకు నీళ్లు పోసుకుని గుడికో సంతకో పోయిరాగలదు. రెండో మనిషికి ఎప్పుడూ పని నేర్పి ఉంచాలి. ఒక్కరి మీదే ఆధారపడిన ఇంట్లో ఆ ఒక్కరికి జ్వరం వస్తే ఆ రోజు మంచంమీది మనిషికి అన్నం లేదు.

నేర్పేవారు కావాలి

సేవ చేయడం అందరికీ పుట్టుకతో వచ్చే విద్య కాదు. సికింద్రాబాదు బోయిన్‌పల్లిలో బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం 1984 నుంచి జాతీయ సంస్థ పనిచేస్తోంది. 2021లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంతో కలిసి భారత పునరావాస మండలి ఊళ్లలో వికలాంగులతో పనిచేసేవారికి ఆరు నెలల శిక్షణ ప్రారంభించింది. ఇవన్నీ పట్నంలో ఉన్నాయి. కోరుట్లలో బీడీల పని తగ్గి కూర్చున్న ఆడవారికీ, సిరిసిల్లలో సాంచెలు ఆగినప్పుడల్లా వలసపోయే యువకులకూ అవి అందవు. జగిత్యాలలో 2022 నుంచి, సిరిసిల్లలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. పక్క మార్చడం, పుండు రాకుండా చూడడం, తినిపించడం, ఎత్తడం అనే నాలుగు పనులు నెల రోజుల్లో నేర్పడానికి వాటి అనుబంధ ఆసుపత్రులు చాలు. నేర్చుకున్నవారి పేర్ల జాబితా ఎంపీడీవో కార్యాలయంలో పెడితే అవసరమైన ఇల్లు వెతుక్కుంటూ పోతుంది. మహిళా సంఘాలు ప్రతి ఊరిలో ఉన్నాయి కనుక ఎవరు ఎటువంటివారో ఊరికే తెలుసు.

విదేశంలో ముసలామెకు స్నానం పోయడం కొలువైతే, మన వాడలో నడవలేని చెల్లెకు స్నానం పోయడం కూడా కొలువే. దానికి శిక్షణ, జీతం, సెలవు ఉండాలి. ప్రభుత్వం ఆ ఏర్పాటు చేసేదాకా ఇంటివారు ఖర్చు లేకుండా చేయగలిగిన పని ఒకటి ఉంది. తోడుగా వచ్చే మనిషిని గడపలో నిలబెట్టి జీతం మాట్లాడే ముందు, లోపలికి తీసుకువెళ్లి మంచం పక్కన కూర్చోబెట్టాలి. అవునో కాదో మంచంమీది మనిషిని చెప్పనివ్వాలి.